ఖాళీ పడవ ఎత్తు

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను కట్టించిన తూముల గురించి, వంతెనల గురించి అడుగుతారు. పడవ గురించి ఎవరూ అడగరు. వాళ్ళ తప్పేమీ లేదు. మా వైపు కాలవల మీద పడవలు నడవవు. నాకు తెలిసి నడిచింది ఒక్కటే, అదీ ఒక్క వర్షాకాలం. దాన్ని నడిపించిన తెలివితక్కువవాణ్ణి నేనే. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అరవైల చివర్లో మాట. విజయనగరం ఇంకా జిల్లా కాలేదు. ఓవర్సీరు పరీక్ష పాసై, కాలవల శాఖలో సూపర్వైజరుగా మొదటి పోస్టింగుకి వెళ్ళాను. ఏ కాలవో చెప్పను. దాని చివర ఒక పల్లె ఉండేది. అంతకు ముందు ఏడాది వానల్లో ఆ పల్లె పైన కాలవ గట్టు తెగిపోయి, వాళ్ళ పొలాలన్నీ ఇసక మేట వేశాయి. ఎండాకాలమంతా పల్లెవాళ్ళు ఇసక ఎత్తిపోసుకుని, అప్పో సప్పో చేసి విత్తనాలు తెచ్చుకుని, మళ్ళీ ఆకుమళ్ళు, అంటే నారుమళ్ళు, పోసుకున్నారు. తెగిన చోట మా శాఖవాళ్ళు మట్టి కట్ట వేశారు గాని, దానికి రాతి పేర్పు లేకపోతే పెద్ద వానకి నిలవదని అందరికీ తెలుసు. ఆ ఏడు కూడా పంట పోతే ఆ పల్లె లేవదు. వానలు ముదిరేలోగా అక్కడికి రాయి చేర్చడం నా పని.

చేరిన రోజే మా లస్కరు ఒక మాట అన్నాడు. లస్కరంటే కాలవ కాపలాదారు. గట్టు మీద తిరుగుతూ పొలాలకి నీళ్ళు వదిలే మదుముల తలుపులు ఎత్తడం, దించడం, దొంగతనంగా గట్టు తవ్వేవాళ్ళని అదిలించడం అతని పని. అతనిది ఆ చివరి పల్లే.

"బాబూ, ఎండలప్పుడు కాలవలో సుక్క నీరుండదు. ఆ అడుగునే నాటు బళ్ళు తోలుకెళ్ళిపోతే రాయంతా సేరిపోను. ఇప్పుడు గట్టంట బండెల్లదు, సేలన్నీ బురదైపోనాయి. ఇప్పుడు పడవంటన్నారు, పడవెక్కడిది?"

నిజమే కదా అనుకుని మా ఏఈ గారిని అడిగాను.

"బళ్ళకి మంజూరు రాలేదయ్యా," అన్నారాయన. "పడవకి వచ్చింది."

అలా మొదలైంది నా విసుగు. ఆ వానాకాలమంతా దాని పాపాన్ని ఎదుటివాళ్ళ మీదే రుద్దుతూ తిరిగాను. ఇప్పుడు లెక్క చూసుకుంటే ఎక్కువ వాటా నాదే.

పడవ గోదావరి వైపు నుంచి సాలూరు వాళ్ళ లారీ మీద వచ్చింది. ఇంజను లేదు, తెరచాప లేదు, ఒడ్డునుంచి తాడుతో లాక్కుపోవలసిన రకం. ఎక్కడో ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉందేమో, చెక్కకీ చెక్కకీ మధ్య వేలు దూరేది. దింపడానికి పూట పట్టింది. లారీ డ్రైవరు చెమట తుడుచుకుంటూ, "ఇది నీళ్ళ మీద తిరగడానికి తెప్పించారా బాబూ, పొయ్యిలోకా?" అన్నాడు. నేను అతనితో మళ్ళీ మాట్లాడలేదు.

మా కాలవ దగ్గర రైతులకి పడవ సంగతి తెలియదు. అందుకని భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాను. తన బావమరుదుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు బావనే "మావ" అనేవారు, కొన్నాళ్ళకి అందరం మావ అనడం మొదలుపెట్టాం. సముద్రం మీద ఎంత మొనగాడో గాని, కాలవని చూసి అతను పెదవి విరిచాడు.

"ఇదేటి బాబూ, ఇది నీరేనేటి? ఉప్పుండదు, ఊపుండదు. ఇలాటి నీటి మీద నమ్మకవేటి?"

అయినా పనిలో దిగాడు. సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. ఆ వాసన నా బట్టలకి పట్టి నెలలు వదల్లేదు. ఆ తర్వాత ఒక పొద్దున నేను వెళ్ళేసరికి పడవ లేదు. మావ గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"పడవేది?"

"ముంచీసినాను బాబూ."

రాళ్ళు వేసి మరీ ముంచాడట. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే తప్ప సందులు పూర్తిగా మూసుకోవట. అది నిజమే, తర్వాత తెలిసింది. కాని ముందు ఒక మాట చెప్పొచ్చు కదా! నేను అరుస్తూ ఉండగానే గట్టు మీద ఏఈ గారి జీపు ఆగింది.

"పడవ ఎంతవరకు వచ్చిందయ్యా?"

"నీళ్ళలో ఉందండి."

ఆయన కాలవ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు. "కనిపించదే?"

"అడుగున ఉందండి."

ఆయన నా మొహం చూసి జీపెక్కబోయి, మళ్ళీ వెనక్కి తిరిగి ఒక మాట అన్నారు. "మన పై ఆఫీసరు గారు పని చూడ్డానికి వస్తారట. పడవలో ఆయన కూర్చోడానికి ఏదైనా చూడు."

ఆయన ఉద్దేశం కుర్చీ, గొడుగు. నేను విన్నది వేరు.

పడవని పైకి తేల్చాక ఇంకో తగువు వచ్చింది. లాగేదెవరు? మావ మనుషులు ససేమిరా అన్నారు. "మేం తెడ్డేస్తాం, గెడేస్తాం. గిత్తల్లాగ గట్టుమీద తాడు లాగితే మా ఊళ్ళో మొహం సూపించగలవా?" రైతు కూలీలు అంతకన్నా బిగుసుకున్నారు. "పడవ మీద పని పడవోళ్ళు సెయ్యాల. మేవెందుకు సేస్తాం?" గట్టు మీదవాళ్ళు నీళ్ళలోకి దిగరు, నీళ్ళలోవాళ్ళు గట్టెక్కరు. మధ్యలో నేను రెండు పూటలు బతిమాలాను, ఒక పూట తిట్టాను. చివరికి లస్కరు సర్దాడు. "ఒరే బావా, తాడు గట్టుమీదుంటాది. గట్టుమీదున్నది పడవ పనెలగవుతాది? గట్టు పనే," అన్నాడు. రైతు కూలీలు కాసేపు ఆలోచించి తాడు భుజానికెత్తుకున్నారు. ఆ రోజు నేను లస్కరుకి కనీసం బాగుందయ్యా అని కూడా అనలేదు. వాళ్ళు ముందే ఒప్పుకోనందుకు విసుగులో ఉన్నాను.

ఇక నా గొప్ప పని. పై ఆఫీసరు గారు కూర్చోడానికి పడవ వెనక భాగంలో గుంజలు పాతించి, జింకు రేకులతో కప్పు వేయించాను. లోపల బల్ల. గుంజలకి నీలం రంగు. ఒక్క సాయంత్రం దాని కింద కూర్చుని చూసుకున్నాను. మా నాన్నగారు కూడా చూస్తే బాగుండుననిపించింది. కప్పు ఎత్తు నేనే నిర్ణయించాను. కాలవకి మధ్యలో ఒక పాతకాలపు రాతి కమాను వంతెన ఉంది. కాలవలో నీళ్ళు ఎంత వస్తాయో, రాయి వేస్తే పడవ ఎంత దిగుతుందో, కమాను కింద ఎంత చోటుంటుందో అన్నీ కొలిచాను. తప్పులేకుండా కొలిచాను. అదే నా గర్వం.

లస్కరు మాత్రం రేకుల వంక చూసి, "ఇదెందుకు బాబూ? రాయికి ఎండ తగలకుండానేటి?" అన్నాడు. మావ బావమరుదులు నవ్వారు. నేను నవ్వలేదు.

మొదటిసారి రాయి నింపుకుని బయలుదేరిన రోజు నాకు పెళ్ళికొడుకునైనట్టు ఉంది. గట్టు మీద కూలీలు తాడు లాగుతున్నారు, మావ వెనక చుక్కాని పట్టుకున్నాడు, ముందు బావమరుదులు గెడలతో ఒడ్డు తగలకుండా తోస్తున్నారు. వంతెన పక్కనున్న ఊరి పిల్లలు, పెద్దలు అంతా చూడ్డానికి వచ్చారు. కమాను కిందకి వెళ్ళేటప్పుడు రేకులకీ రాతికీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది. నా లెక్క అక్షరాలా సరిపోయింది. వంతెన దాటి, చివరి పల్లె గట్టు దగ్గర రాయి దింపాం. పల్లె ఆడవాళ్ళు వచ్చి రాయిని చేత్తో తడిమి చూశారు. లస్కరు వాళ్ళ అప్ప, అంటే అక్క, ముసలావిడ, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, "ఇంకెన్ని సార్లు తెస్తావు గుంటడా?" అని అడిగింది. "గట్టు నిండేదాకా," అన్నాను.

తిరిగొచ్చాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి ధడ్ మని చప్పుడైంది. పడవ ఆగిపోయింది. రేకుల కప్పు కమాను రాతికి కొట్టుకుంది. జానెడు ఎక్కువుంది.

"పొద్దున్న పట్టింది కదా!" అన్నాను.

మావ నా వంక జాలిగా చూశాడు. "పొద్దున్న రాయున్నాది బాబూ."

రాయి ఉన్నప్పుడు దిగే పడవ, రాయి తీస్తే లేస్తుంది. ఎంత లేస్తుందో కూడా నేను కాగితం లేకుండా లెక్క కట్టగలను. వెళ్ళేటప్పుడు కొలిచాను, వచ్చేటప్పుడు కొలవలేదు. పడవ తిరిగి రావాలన్న సంగతే నాకు తట్టలేదు.

తర్వాత జరిగిన ఆలోచనలు చెబితే మీకు నవ్వొస్తుంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దింపిన రాయే మళ్ళీ ఎక్కించి వంతెన దాటిద్దామన్నాను. "దాటించి?" అన్నాడు మావ. దాటించి రాయి అవతల దింపి... అక్కడ ఆగిపోయాను. రాయి మళ్ళీ మొదటికే వస్తుంది. మట్టి పోద్దామన్నాను. ఎక్కడి మట్టి? చుట్టూ మడిచెక్కలు, మట్టి అంటూ ఉన్నది కాలవ గట్టే. గట్టు తవ్వేవాళ్ళని తరమడం లస్కరు ఉద్యోగం. అతను పార పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "గట్టు బాగు సెయ్యడానికొచ్చి గట్టే తవ్వుతారేటి బాబూ!" పడవలో నీళ్ళు పోయించాను. నీళ్ళు ఒక పక్కకి పరిగెత్తాయి, పడవ ఒరిగింది, కప్పు మూల కమానుకి తగిలి రేకు వంగింది. మావ బూతు ఒకటి తిట్టి నీళ్ళు తోడేయించాడు. ఆ తిట్టు నీళ్ళనో నన్నో నేను అడగలేదు.

అప్పుడు లస్కరు మెల్లిగా, "రేకులిప్పీండి బాబూ. పూటలో అయిపోద్ది," అన్నాడు.

అది నాకూ తెలుసు. మేకులు పీకి రేకులు దింపితే పడవ ఆ సాయంత్రమే దాటిపోయేది. కాని రెండు రోజుల్లో పై ఆఫీసరు గారు వస్తారని కబురు. కప్పు వేసిన వడ్రంగి పెళ్ళికని వాళ్ళ ఊరెళ్ళాడు. తీస్తే మళ్ళీ బిగించేవాడు లేడు. ఆ నీలం గుంజలు, బల్ల, నా పేరు... "అది కుదరదు," అన్నాను. మళ్ళీ అడిగాడు. "నీ పని చూసుకో," అన్నాను.

నేను చేసింది ఇది. సైకిలెక్కి కాలవ మొదటికి, గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడి గేటు మనిషితో, "ఏఈ గారు చెప్పారు, నేను మళ్ళీ చెప్పేదాకా నీళ్ళు ఆపెయ్యమన్నారు," అన్నాను. ఏఈ గారు ఆ రోజు విజయనగరంలో ఉన్నారు. ఆయనకీ సంగతే తెలియదు. గేటు మనిషి మారు మాట్లాడకుండా తలుపు దించేశాడు. నీళ్ళు ఒక జానెడు తగ్గితే చాలు, పడవ దాటాక మళ్ళీ వదిలేద్దాం, ఒక్క రోజుకి ఎవరి ఆకుమడి ఎండిపోతుంది, అనుకున్నాను. వానలు పట్టి కురవని రోజులవి. ఎండ పెళపెళలాడుతోంది.

మా వైపు కాలవ రైతులకి ఒక పద్ధతి ఉంది. నేను పుట్టింది విజయనగరం టౌనులో కాబట్టి నాకు తెలియదనుకునేరు, తెలుసు. తెలిసీ దాన్ని లెక్కలో వేసుకోలేదు. కాలవలో నీళ్ళు తగ్గుతున్నట్టు కనబడితే చాలు, ఎవరూ ఎవరినీ పిలవక్కరలేదు. ఊరంతా పారలు పట్టుకుని వచ్చేస్తారు. తాటిమట్టలు, గడ్డి, బురద వేసి కాలవకి అడ్డంగా కట్ట కట్టేస్తారు. ఉన్న నీళ్ళని తమ మదుం ముందు నిలబెట్టుకుంటారు. కిందవాళ్ళ సంగతి కిందవాళ్ళది.

పొద్దున నేను నీళ్ళు తగ్గాయేమో అని ఉత్సాహంగా వచ్చేసరికి, వంతెనకి దిగువన, మా పడవకి కాస్త అవతల, నడుమెత్తు కట్ట లేచి ఉంది. వంతెన ఊరివాళ్ళ పని. పైనుంచి దిగిన నీళ్ళన్నీ అక్కడ ఆగి, నిన్నటికన్నా ఎత్తుగా నిలిచాయి. జానెడు అడ్డం కాస్తా జానెడున్నర అయింది. కట్ట దిగువన కాలవ బురద తేలి, చేపపిల్లలు కొట్టుకుంటున్నాయి.

"తెంపమను!" అని లస్కరు మీద అరిచాను.

"నాను సెప్పలేనా బాబూ? రోజూ తెంపిస్తన్నాను," అన్నాడతను. "ఇయ్యాల నన్నేటడిగినారో తెలుసా? నీళ్ళెవులు ఆపించినారో సెప్పు, కట్ట మేవే తెంపుతాం అన్నారు. ఏటి సెప్పమంటారు?"

అతను వాళ్ళకి చెప్పలేదు. నా పేరు చెబితే నా ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు. తన మాటకి ఎన్నో ఏళ్ళుగా ఉన్న విలువ ఆ పొద్దున పోగొట్టుకున్నాడు, నన్ను కాపాడ్డానికి. నేను మాత్రం, "లస్కరువి, నీ మాట నలుగురు వినకపోతే ఎందుకయ్యా నువ్వు?" అన్నాను.

ఏఈ గారు లేరు. గేటు తీయించమని వెనక్కి వెళితే ఎందుకు ఆపించావంటారు. తీయించకపోతే పడవ కదలదు, చివరి పల్లెకి నీళ్ళు లేవు. రేకులు ఇప్పితే అన్నీ తీరిపోతాయి. అయినా ఇప్పలేదు. ఒకసారి వద్దన్న మాట మీద ఇంకో రోజు గడిపాను.

మర్నాడు పొద్దెక్కాక గట్టు మీద జనం కనిపించారు. చివరి పల్లె జనం, మగా ఆడా అంతా. ముందు లస్కరు వాళ్ళ అప్ప.

"నీళ్ళాపింది ఈడేనేటి?" అంది నన్ను చూపిస్తూ.

"అప్పా, ఆగప్పా. ఆయన మా బాబు," అన్నాడు లస్కరు.

"నీ బాబైతే నీ ఇంట్లో ఎట్టుకో. నా ఆకుమడికి బాబేటి?" ఆమె పడవ దగ్గరికి వచ్చి రేకుల కప్పు తేరిపార చూసింది. "దీని కోసవేనేటి? ఈ గొడుగు కోసవేనేటి మా ఆకు ఎండగట్టినావు? పీకండ్రా!"

పడవ ఒడ్డునే కట్టి ఉంది. ముందు ఆమే ఎక్కింది. ఆమె వెనక మగవాళ్ళు, ఆడవాళ్ళు, పారలు పట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, ఒకరి మీద ఒకరు పడి ఎక్కేశారు. నేను కప్పుకి ముందర పలక మీద ఉన్నాను, పారిపోవడానికి చోటు లేదు. ఆమె ఒక చేత్తో నీలం గుంజ పట్టుకుంది, ఇంకో చేత్తో నా చొక్కా కాలరు పట్టుకుంది. నలుగురు గుంజల్ని ఊపడం మొదలుపెట్టారు.

వెనక చుక్కాని దగ్గర మావ ఒక్కడే ఇదంతా వేరే కళ్ళతో చూస్తున్నాడు. జనం ఎక్కుతున్నకొద్దీ పడవ దిగుతోంది. రేకుల అంచు కమాను రాతి కిందకి వచ్చింది. ఇంకా దిగింది.

"దిగిపోనాది!" అని కేక పెట్టాడు. "ఒరే, కట్టు ఇప్పండ్రా! తొయ్యండి! గట్టోళ్ళూ, లాగండ్రా, లాగండి!"

బావమరుదులు గెడలు గుచ్చి తోశారు. వంతెన అవతలి గట్టు మీద రెండు రోజులుగా తాడు పక్కన పడుకుని ఉన్న కూలీలు ఉలిక్కిపడి లేచి లాగారు. పడవ కదిలింది.

"ఎక్కడికిరా తీసుకుపోతన్నావు? ఒరే! ఆపరా!" అని జనం గోల. ఎవరో పిల్ల ఏడుపందుకుంది. అంతలో పడవ కమాను కింది చీకట్లోకి దూరింది. అందరూ ఒక్కసారి తలలు దించేశారు. తల మీద రాయి దగ్గర దగ్గరగా పోతోంది. కప్పు బయట పలక మీద నిలబడి ఉన్నాను నేను, ఆ సంగతి మరిచిపోయి. ముసలావిడ కాలరు పట్టుకున్న చేత్తోనే నా మెడ వంచి కిందకి అదిమింది.

"నెత్తి సూసుకో గుంటడా!"

ఆ రోజంతట్లో నాకు మిగిలింది ఆ చెయ్యే. నన్ను కొట్టడానికి వచ్చిన చెయ్యి. కొడుకుల్ని పెంచిన చెయ్యి అయి ఉంటుంది.

అవతల వెలుగులోకి వచ్చాం. పడవ నిండా జనం, పారలతో, పిల్లలతో, తెల్లబోయి చూస్తున్నారు. ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మావ చుక్కాని వదిలేసి నెత్తి కొట్టుకుంటూ, "ఈ మనుసులు ఇంటికాడే ఉండగా, మట్టంటాడు, నీళ్ళంటాడు, గేటంటాడు!" అన్నాడు. ముసలావిడ మాత్రం నవ్వలేదు. కాలరు వదిలి, "ఇంక నీళ్ళొదుల్తావా?" అంది.

సైకిలు తొక్కుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళాను. వంతెన ఊరి కట్టని చివరి పల్లెవాళ్ళే దగ్గరుండి తెంపించారు. నీళ్ళు పల్లెకి చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. చాలామంది ఆకుమళ్ళు వాడిపోయినా తేరుకున్నాయి. అందరికన్నా ఎత్తు చెక్కలో ఉన్న ఒక మడి మాత్రం తేరుకోలేదు. అది లస్కరుది. నేను వెళ్ళి చూశాను. కాలితో తాకితే గరగరలాడింది. "పోనీండి బాబూ, మా అప్పకాడ మిగిలిన ఆకుంటే ఊడుస్తాను," అన్నాడు. ఊడ్చాడు కూడా, అందరి ఉభాలూ, అంటే ఊడ్పులూ, అయిపోయాక, ముదిరిపోయిన ఆకుతో. అలా ఆలస్యంగా ఊడ్చిన చేను ఎలా పండుతుందో రైతు బిడ్డలకి నేను చెప్పక్కరలేదు.

అప్పుడైనా రేకులు ఇప్పించానా అంటే, లేదు. ఇప్పించబోతే ఈసారి పల్లెవాళ్ళు ఒప్పుకోలేదు! రేకులుంటేనే ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు పడవకి బరువు కావాలి కదా, సంతకి వెళ్ళేవాళ్ళందరూ ఎక్కడం మొదలుపెట్టారు. కోళ్ళు, గంపలు, రాగిచోళ్ళ మూటలు. ముసలావిడ బల్ల మీద, అంటే పై ఆఫీసరు గారి బల్ల మీద, అడ్డపొగతో కూర్చుని వంతెన రాగానే కప్పు వంక చూసి, "ఇంకా ఇద్దరెక్కండి," అని ఆర్డరేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏం చెయ్యను? రాయి మాత్రం పోతోంది.

పై ఆఫీసరు గారు చాలా రోజుల తర్వాత వచ్చారు. వాన పడుతోంది. జీపు వంతెన మీద ఆపించి, దిగకుండానే కిందకి చూశారు. పైనుంచి చూస్తే కనబడేది రేకులే. "కప్పు బాగా వేయించారు," అని వెళ్ళిపోయారు. ఏఈ గారు నా భుజం తట్టారు. లస్కరు పక్కనే తలపాగా తీసి చేత్తో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు.

రాతి పేర్పు అయిపోయిన కొన్నాళ్ళకి పెద్ద వాన పట్టింది. రాత్రీ పగలూ వదల్లేదు. గట్టు నిలిచింది. పల్లె పంట దక్కింది, ఒక్క చేను తప్ప.

ఆ ఏడు చివర్లో నాకు బదిలీ అయింది. పడవ ఇక ఎవరికీ అక్కర్లేదు. ఒడ్డుకి లాగించి వదిలేశారు. నేను వెళ్ళిపోయే రోజు లస్కరు నా పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వచ్చాడు. అతనికి చెప్పాలనుకున్న మాట దారి పొడుగునా మనసులో తిప్పుకుంటూ నడిచాను. గేటు సంగతి, ఆ పొద్దున అన్న మాట సంగతి. చెప్పకముందే బస్సు కనబడింది. అతనే అడిగాడు.

"బాబూ, ఒక మాట. పడవ మీద రేకులు ఊరకే పడున్నాయి గదా. మా సాలకి కప్పు కారిపోతన్నాది, పశువులు తడిసిపోతన్నాయి. రెండు రేకులు నాకిప్పించగలరేటి?"

ఇప్పిస్తానని చెప్పి బస్సెక్కాను. కొత్త చోట చేరగానే రాశాను. రేకులు ప్రభుత్వ సొత్తట, వేలం వెయ్యాలట, వేలానికి పడవని ముందు పనికిరానిదిగా తేల్చాలట, తేల్చడానికి తేల్చేవారు రావాలట. మళ్ళీ రాశాను. కొన్నాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఒక కాలవ నీళ్ళు మొత్తం ఒక్క అబద్ధంతో ఆపించగలిగినవాణ్ణి, రెండు రేకులు నిజం చెప్పి ఇప్పించలేకపోయాను.

చాలా ఏళ్ళకి ఆ వైపు పని మీద వెళ్ళి, లస్కరు ఇంటికి వెళ్ళాను. సాల మీద తాటాకు ఉంది. అతను ముసలివాడయ్యాడు. నన్ను చూసి మంచం వాల్చాడు. రేకుల మాట నేనెత్తాను.

"అవా? పడవలోనే తుప్పట్టిపోనాయి బాబూ," అన్నాడు. "మీరు రాస్తన్నారని తెలుసును. అందుకే దొంగతనంగా తెచ్చుకోలేదు."